గిస్లా గొయ్యి

రండర్రా, ఇలా దగ్గరికి రండి. ఆ అరుగు చివర వేలాడకండి, పడితే మీ అమ్మలు నన్నే అంటారు. చిన్నవాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. పలకలు పక్కన పెట్టేయండి, ఇవాళ వాటితో పని లేదు. చెవులుంటే చాలు.

అనగా అనగా, పడమటి సముద్రాలకి ఆవల, ఎండకంటే మంచు ఎక్కువ కురిసే దేశంలో, కొండవాలున ఒక ఊరు. ఎప్పటి మాటంటారా? మన ముత్తాతల ముత్తాతలకి ఇంకా ఊయల కూడా కట్టని రోజుల మాట. ఆ ఊరి పేరు అడక్కండి. ఆ ఊరివాళ్లు దాన్ని 'ఊరు' అనేవాళ్లు, అంతే. వాళ్లకి ఇంకో ఊరు తెలిస్తే కదా.

ఊరి నడుమ ఒక చర్చి. ఇళ్లన్నీ మట్టిగోడలు, గడ్డి కప్పులు. రాతితో కట్టింది అదొక్కటే. పొద్దున చర్చి గంట మోగితే లేచేవాళ్లు. మధ్యాహ్నం గంట మోగితే తినేవాళ్లు. సాయంత్రం గంట మోగితే పొయ్యి మీద బూడిద కప్పి పడుకునేవాళ్లు. ఏ రోజు మాంసం తినాలో, ఏ రోజు పస్తుండాలో చర్చి చెప్పేది. చేలో విత్తనం పడాలంటే ముందు ఫాదర్ వచ్చి నీళ్లు చిలకరించాలి. పెళ్లివాళ్లు చర్చి గుమ్మం ముందు నిలబడేవాళ్లు. పోయినవాళ్లు చర్చి పక్కన పడుకునేవాళ్లు.

చర్చి చుట్టూ సమాధుల దొడ్డి, దాని చుట్టూ రాతిగోడ. గోడ లోపలి నేలని ఏనాడో బిషప్పుగారు గుర్రమెక్కి వచ్చి దీవించి వెళ్లారు. కడపటి రోజున దేవుడు పిలిచినప్పుడు, లోపల పడుకున్నవాళ్లంతా కలిసి లేస్తారని వాళ్ల నమ్మకం. అమ్మ పక్కన బిడ్డ, అవ్వ పక్కన మనవరాలు, దుమ్ము దులుపుకుని లేస్తారట.

లోపల పడుకోవాలంటే ఒక్కటే షరతు. జ్ఞానస్నానం అయి ఉండాలి. అంటే, బిడ్డ తల మీద మూడుసార్లు నీళ్లు పోసి, దేవుణ్ణి తలచి, పేరు పెట్టడం. అది అయితే ఆ బిడ్డ దేవుడి ఇంటి మనిషి. అది కాకముందే పోతే, గోడకి అవతల, ఉత్తరం వైపు, ముళ్లకంప పక్కన. అక్కడ శిలువ ఉండదు. పేరు ఉండదు. గంట మోగదు.

ఆ ఊళ్లో గిస్లా అని ఒకామె ఉండేది. చర్చి బట్టలు ఉతకడం ఆమె పని. పూజబల్ల మీద పరిచే తెల్లగుడ్డలు, ఫాదర్ తొడుక్కునే అంగీలు, అన్నీ ఆమె చేతి మీదుగానే తెల్లబడేవి. ఆమె భర్త బ్రూనో గోడలు కట్టేవాడు. సున్నం, బురద ఏమీ వాడడు. రాయి మీద రాయి పేరుస్తాడు, అవి నిలబడతాయి. పాతబడి కూలిన సమాధుల దొడ్డి గోడని కూడా తిరిగి పేర్చింది అతనే. మాట మాత్రం బహు తక్కువ. "బ్రూనో నోట మాట వచ్చే లోపల వాడి గోడే మాట్లాడుతుంది" అని ఊరివాళ్లు నవ్వుకునేవాళ్లు.

పెళ్లయి ఏడేళ్లకి గిస్లా కడుపు పండింది. కానీ ఆ ఏడు వాన లేదు. ఒక నెల లేదు, రెండు నెలలు లేదు, మూడు నెలలు లేదు. చర్చి బావిలో బురద తేలింది. తాగడానికి నీళ్లు కావాలంటే ఆడవాళ్లు కుండలెత్తుకుని కొండ కింద ఏటికి పోవాలి. పొద్దున పోతే మధ్యాహ్నం దాటాక వచ్చేవాళ్లు.

సరిగ్గా అలాంటి మధ్యాహ్నమే గిస్లాకి నొప్పులొచ్చాయి. మంత్రసాని ఊటా వచ్చింది. ఊరందరినీ భూమ్మీదకి దించిన ముసలమ్మ ఆమె. బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఒళ్లంతా నీలం.

"నీళ్లు" అంది ఊటా. "త్వరగా, ఒక్క దోసెడు నీళ్లు."

ఇంట్లో నీళ్లు లేవు. పక్కింట్లో లేవు. ఎదురింట్లో లేవు. ఫాదర్ పొరుగు గూడేనికి పోయారు, చర్చిలోని జ్ఞానస్నానం తొట్టికి తాళం. పొయ్యి పక్కన గిన్నెలో మేకపాలు ఉన్నాయి. తడి తడే కదా అనుకుంది ఊటా. పాలు దోసిట్లోకి తీసి, మూడుసార్లు ఆ తల మీద పోసి, అనవలసిన మాటలు అని, తెక్లా అని పేరు పెట్టింది. తెక్లా మూడుసార్లు ఊపిరి తీసింది. నాలుగోది తియ్యలేదు.

సాయంత్రానికి ఫాదర్ ఒడో వచ్చారు. మెత్తని మనిషి. చీమ అడ్డొస్తే ఆగి నడిచే రకం.

"జ్ఞానస్నానం అయిందా, ఊటా?"

"అయింది ఫాదర్. నేనే చేశాను."

"మాటలన్నీ సరిగ్గా అన్నావా?"

"ఎన్నేళ్లుగా అంటున్నానో. నిద్రలో లేపినా అంటాను."

ఫాదర్ తలూపారు. లోపల ఏ మూల చోటు చూడాలా అని ఆలోచిస్తూ, ఊరికే, జాలిగా, ఇంకో మాట అడిగారు.

"పాపం, బావి ఎండింది కదా. నీళ్లెక్కడివమ్మా?"

ఊటా నోరు తెరిచి, మూసింది. మంత్రసాని అయిన రోజున, పుట్టుక విషయంలో అబద్ధమాడనని పూజబల్ల మీద చెయ్యి వేసి ఒట్టేసిన మనిషి ఆమె.

"పాలు, ఫాదర్."

ఫాదర్ ఒడో కట్టెల మొద్దు మీద కూలబడ్డారు. అడిగిన మాటని తిరిగి నోట్లో పెట్టుకోగలిగితే బాగుండునని ఆయన మొహం చూస్తే గిస్లాకి తెలిసింది. నీళ్లు నీళ్లే. పాలు కాదు, సారా కాదు, నీళ్లే కావాలని పెద్దల శాసనం. అది మార్చడానికి ఆయనెవరు?

తెక్లా గోడకి అవతలికి పోయింది. గోడ మోకాలెత్తే. మేక దాటుతుంది, కోడి దాటుతుంది. తెక్లా దాటలేకపోయింది.

ఊరు ఊరుకుంటుందా? "నీళ్లని ఒక్క మాట అంటే ఊటా సొమ్మేం పోయేది" అన్నారు కొందరు. "పాలతో బిడ్డకి స్నానమా, జున్ను చేస్తున్నాననుకుందా" అన్నారు ఇంకొందరు. అన్నవాళ్లు తరవాత నాలిక కరుచుకున్నారు, అయినా అన్నారు.

ఒకరోజు ఏటి ఒడ్డున, బట్టలు ఉతికే బండ దగ్గరికి ఊటా వచ్చింది.

"నన్ను ఒక్కసారి తిట్టవే. నీకు పుణ్యముంటుంది."

"ఎందుకు పిన్నీ?"

"నిజం చెప్పి నీ కడుపు కొట్టాను."

గిస్లా గుడ్డ పిండి పక్కన పెట్టింది. "నువ్వు దానికి పేరు పెట్టావు పిన్నీ. ఆ పేరు లేకపోతే నేనేమని పిలుచుకునేదాన్ని?" అంది. ముసలమ్మ ఆ బండ మీదే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శీతాకాలం ముందు ఆ దేశంలో పోయినవాళ్ల పండగ ఒకటి వస్తుంది. ఆ రోజు ఫాదర్ లోపల పడుకున్నవాళ్ల పేర్లన్నీ పైకి చదువుతారు. ఒక్కో పేరుకి ఒక్కో గంట. పేరు, గంట. పేరు, గంట. గిస్లా స్తంభం పక్కన నిలబడి వినేది. కడపటి పేరయ్యాక కూడా, ఇంకొక్కటి ఉందేమో అన్నట్టు కాసేపు తల ఎత్తుకునే ఉండేది. ఫాదర్ పుస్తకం మూసేవారు. గంట తాడు కొక్కేనికి తగిలించేసేవారు. అప్పుడు ఆమె తల దించుకుని ఇంటికి పోయేది.

మొదటి ఏడు గిస్లా ఫాదర్ దగ్గరికి వెళ్లింది. "అయ్యా, జ్ఞానస్నానం తొట్టిలోవి ఒక దోసెడు నీళ్లివ్వండి. దాని మీద పోస్తాను."

"అవి బతికున్న తల మీద పొయ్యాలి తల్లీ. మట్టి మీద కాదు."

గోడ మోకాలెత్తే. మేక దాటుతుంది, కోడి దాటుతుంది. ఆ నీళ్లు దాటలేదు.

రెండో ఏడు మళ్లీ వెళ్లింది. "అయ్యా, పూజబల్ల గుడ్డల మొదటి ఉతుకు నీళ్లు ఏట్లో పొయ్యకూడదంటారు. అవి నా చేతుల్లోనే ఉంటాయి. అవైనా దానికి పొయ్యనివ్వండి."

"ఆ నీళ్లు చర్చి గోడ మొదట్లోనే ఇంకాలి తల్లీ. లోపలి నీళ్లు లోపలే."

గోడ మోకాలెత్తే. మేక దాటుతుంది, కోడి దాటుతుంది. ఆ నీళ్లూ దాటలేదు.

మూడో ఏడు జోరున వాన పట్టుకుంది. గిస్లా చర్చి చూరు కింద తడుస్తూ నిలబడింది. చర్చి కొసనున్న శిలువ మీద పడ్డ చినుకు కప్పు మీదకి జారుతోంది. కప్పు మీంచి చూరుకి, చూరు నుంచి నేలకి. ఫాదర్ కిటికీలోంచి చూసి, "జ్వరం తెచ్చుకుంటావు, లోపలికి రా" అన్నారు.

"అయ్యా, ఈ నీళ్లు శిలువని ముట్టుకుని వచ్చాయి కదా. వీటినైనా పట్టుకెళ్లనా?"

ఫాదర్ పుస్తకాల్లో ఉన్నవన్నీ మనసులో తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. చివరికి, "వానకి తాళం వేసే అధికారం నాకు లేదమ్మా" అన్నారు.

అంతే. గిస్లా చూరు కింద బుంగ పెట్టింది. నిండిన బుంగ చంకనెత్తుకుని, దక్షిణం వైపు గేటులోంచి బయటికి వచ్చి, గోడ చుట్టూ తిరిగి, ఉత్తరం వైపుకి పోయింది. వానకి జారిన గోడరాయి సర్దుతున్న బ్రూనో చూశాడు.

"ఇక్కణ్ణుంచే గోడ మీదుగా వంగి పొయ్యొచ్చుగా" అన్నాడు. అతనికి అది పెద్ద ఉపన్యాసమే.

"విసిరేస్తే ఎట్లా? చుట్టం ఇంటికి తీసుకెళ్లినట్టు నడిపించుకుని పోవాలి" అంది గిస్లా.

ఆ నాటి నుంచి వాన పడ్డప్పుడల్లా ఆమె బుంగ ఎత్తేది. ఉతికే పని వదిలేసి పరిగెత్తేది. కొన్నాళ్లకి ఒకామె చాటుగా వచ్చి, "వదినా, ఆ కంప పక్కన మావాడు ఉన్నాడు. వాడి మీద ఒక్క దోసెడు" అంది. ఇంకొన్నాళ్లకి ఇంకొకామె వచ్చింది. పైకి చెప్పుకోని బిడ్డలు ఊరంతా ఉన్నారు. ఒక్కొక్కరూ తాము మనసులో పెట్టుకున్న పేరు గిస్లా చెవిలో చెప్పి పోయేవాళ్లు. గిస్లా ఒక్క పేరూ మరిచిపోయేది కాదు. దోసెడు నీళ్లు, ఒక పేరు. దోసెడు నీళ్లు, ఒక పేరు. చివరి దోసెడు తెక్లాకి.

ఇలా ఎన్నేళ్లు? గిస్లా జుట్టు ఆమె ఉతికిన గుడ్డలంత తెల్లబడే దాకా. ఎన్ని బుంగలు పోసినా, పోయినవాళ్ల పండగ రోజున కడపటి పేరు తరవాత తలెత్తి నిలబడటం మాత్రం మానలేదు.

ఒక ఏడు వానలో తడిసి మంచం పట్టింది. ఫాదర్ ఒడో కర్ర పట్టుకుని, తడుముకుంటూ వచ్చారు. ఆయనా ముసలివారయ్యారు, చూపు ఆనడం లేదు.

"భయపడకు తల్లీ. గుమ్మం పక్కనే నీకు మంచి చోటు చూశాను. బ్రూనో వాళ్లమ్మ పక్కన."

"నాకు లోపల వద్దయ్యా. అవతల పెట్టండి, దాని పక్కన."

"అదేం మాట? నువ్వు జ్ఞానస్నానం పొందిన మనిషివి. దీవించని నేలలో నిన్నెట్లా దించను? కడపటి రోజున అందరూ లేచినప్పుడు నువ్వు లేవవద్దా?"

"మీరంతా కలిసి లేస్తారు. బాగానే ఉంటుంది. అది కళ్లు తెరిచి చూస్తే ఎవరుంటారయ్యా దగ్గర? దానికి నడక కూడా రాదు."

గిస్లా ఆ మాట మొదటి రోజు అంది, రెండో రోజు అంది. మూడో రోజు మధ్యాహ్నం గంట మోగుతుండగా కన్నుమూసింది.

మర్నాడు పొద్దున్నే ఫాదర్ గోడ దగ్గర నిలబడి ఉన్నారు. లోపల పెడితే చనిపోయినామె మాట తప్పినట్టు. బయట పెడితే శాసనం తప్పినట్టు. బ్రూనో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఫాదర్, దారిలో పోయినవాళ్లని ఏం చేస్తారు? యుద్ధంలో పోయినవాళ్లని?"

"ఎక్కడ పోతే అక్కడే గొయ్యి తవ్వి, ఆ గొయ్యి మటుకు దీవించి దించుతాం. నేలంతా దీవించాలంటే బిషప్పుగారు రావాలి. ఒక్క గొయ్యికైతే నేను చాలు." అంటూనే ఫాదర్ ఆగారు. "అవునురా. గిస్లా గొయ్యి నేను దీవించొచ్చు."

బ్రూనో గోడ మీద ఒక రాయిని అటూ ఇటూ సర్దాడు.

"గొయ్యి ఎంత వెడల్పుండాలో మీ పుస్తకంలో రాసుందా?"

"మనిషి పట్టేంత. వాడుక అది."

"వాడుక సరే. రాసుందా అని."

ఫాదర్ ఒడో మళ్లీ పుస్తకాలన్నీ మనసులో తిరగేశారు. "లేదు" అన్నారు మెల్లగా.

బ్రూనో ఇంటికిపోయి, గోడకి వరస చూసుకునే తాడు, నాలుగు మేకులు తెచ్చాడు. ఉత్తరం వైపు గోడ మొదట్లో ఒక మేకు దిగ్గొట్టాడు. ముళ్లకంప కొస దాకా తాడు లాగి రెండోది కొట్టాడు. ఏటవాలు అంచున మూడోది, మళ్లీ గోడ దగ్గర నాలుగోది. ఆ ఖాళీ నేల, అందులో పడుకున్న పసివాళ్లంతా తాడు లోపలికి వచ్చేశారు. పార తీసుకుని అంచు వెంబడి తవ్వడం మొదలుపెట్టాడు.

జనం పోగయ్యారు. పిండిమర ఆయన భుజాన పారతో నిలబడి, "ఏమయ్యా బ్రూనో, నీ పెళ్లాం పావు బస్తా బరువు లేదు. గుర్రాన్నీ బండినీ కూడా దించుతావా ఏంటి?" అన్నాడు.

బ్రూనో తలెత్తలేదు. "గిస్లాకే. కాస్త విశాలంగా."

పిండిమర ఆయన ఇంకేదో అనబోయాడు. ఈ లోపల ఆయన భార్య ముందుకొచ్చి, ఆయన భుజం మీది పార లాక్కుని, తాడు వెంబడి తవ్వసాగింది. ఎందుకో ఆయనకి తెలుసు. ముళ్లకంప పక్కన వాళ్లకీ ఒకడున్నాడు. ఆయన నోరు మూతపడింది. కాసేపాగి ఇంకో పార వెతుక్కోవడానికి పోయాడు.

మధ్యాహ్నానికి ఆ నేల చుట్టూరా జానెడు లోతున అంచు తెగింది. మధ్యలో, తెక్లా పక్కన, గిస్లాకి మటుకు నిలువు లోతు తీశారు. లోపల పసివాళ్లని ఎవరూ కదపలేదు.

"ఇది గొయ్యేనంటావా, బ్రూనో?" అన్నారు ఫాదర్.

"పారతో తవ్వాం. మనిషిని దించుతున్నాం. ఇంకేమంటారు దీన్ని?"

ఫాదర్ ఒడో గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. నవ్వో ఏడుపో దగ్గరున్నవాళ్లకి తెలీలేదు. ఊటా ఎప్పుడో పోయింది. చూపు ఆనని ఆయన మోచెయ్యి ఆమె కూతురు పట్టుకుంది. నీళ్ల పాత్ర తీసుకుని ఆయన ఆ గొయ్యి చుట్టూ నడిచారు. మొదటి చుట్టు భయం భయంగా, వెనక నుంచి ఎవరో పిలుస్తారేమో అన్నట్టు నడిచారు. రెండో చుట్టు నిదానంగా నడిచారు. మూడో చుట్టులో లోపలికి దిగి, ఒక్కో మట్టిదిబ్బ దగ్గరా ఆగారు.

"ఎవరు?" అనేవారు.

వెనక నుంచి ఒక తల్లి గొంతు పేరు చెప్పేది. చర్చిలో ఎవరో తాడు లాగితే గంట ఒక్కసారి మోగేది. "ఎవరు?" పేరు, గంట. "ఎవరు?" పేరు, గంట. కొన్నిచోట్ల ఎవరూ పలకలేదు. ఆ తల్లులు ముందే పోయారు. ఆ పేర్లు తెలిసింది గిస్లా ఒక్కతికే, ఆమె ఇక చెప్పదు. ఫాదర్ అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడేవారు. పేరు లేకుండానే గంట మోగేది.

చివరికి గిస్లాని దించిన చోటికొచ్చారు. పక్కన చిన్న దిబ్బ.

"ఎవరు?"

అందరూ బ్రూనో వైపు చూశారు. ఆ పేరు ఇన్నేళ్లలో అతని నోట పైకి విన్నవాళ్లు లేరు.

"తెక్లా" అన్నాడు బ్రూనో. "నా కూతురు."

గంట మోగింది.

ఆ గంట కోసం అన్నేళ్లు తలెత్తుకుని నిలబడ్డ మనిషి అక్కడే ఉంది, మట్టి కింద. విందో లేదో ఎవరు చెప్పగలరు.

తరవాత కొన్నాళ్లకి బిషప్పుగారు గుర్రం మీద అటుగా వచ్చారట. "ఇక్కడెవరు?" అని అడిగితే "గిస్లా అండి" అన్నారట జనం. "ఇంత మేరా?" అంటే "గొయ్యి ఒక్కటేనండి, తమరు కొలుచుకోవచ్చు" అన్నారట. ఆయన ఆ నేల వైపు చూసి, ఆ ఊరివాళ్ల మొహాల వైపు చూసి, గుర్రాన్ని మళ్లించుకుని పోయారట.

ఇప్పటికీ ఆ కొండవాలు ఊళ్లలో గొయ్యి తవ్వేవాడు తాడు వేశాక, అవసరం ఉన్నా లేకున్నా, ఇంకో బెత్తెడు వదులుతాడట. దాన్ని 'గిస్లా బెత్తెడు' అంటారు. ఎవరికీ చెందని మనిషి ఎవరైనా ఊళ్లో పోతే, ఎక్కడ పెట్టాలా అని తర్జనభర్జన పడరు. "గిస్లా గొయ్యిలో చోటుందిలే" అంటారు. పోయినవాళ్ల పండగ రోజున పేర్లన్నీ చదివి పుస్తకం మూశాక, గంట తాడు వెంటనే కొక్కేనికి తగిలించరు. కాసేపు చేత్తో పట్టుకునే ఉంటారు. ఇంకెవరైనా పేరు చెబుతారేమోనని.

ఏమ్మా, ఏంటి నీ ప్రశ్న? చివరికి తల్లీ బిడ్డా కలుసుకున్నారా అనా? నాకు తెలీదు తల్లీ. వాళ్లు చెప్పుకునే ఆ కడపటి రోజు ఇంకా రాలేదుగా. పక్కపక్కనే ఉన్నారు, అది మటుకు తెలుసు.

సరే, లేవండి. చీకటి పడకముందే ఇళ్లకి పొండి. మీ అమ్మలు ఈపాటికి కంచాలు పెట్టి గుమ్మం వైపు చూస్తుంటారు. పిలిపించుకోకుండా పోయి, వేడి వేడిగా అన్నం తినండి.